మలుపు అవతలి డంపరు

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. అప్పుడు నేను కమాన్‌పూర్ దగ్గరి ఓపెన్‌కాస్ట్ గనిలో జీపు డ్రైవర్‌ని. బొగ్గూ మట్టీ మోసే డంపర్లలో అప్పటికే వైర్‌లెస్ సెట్లున్నాయి. జీపులకు ఎలాంటివి కొనాలో తేల్చే పని మా ఇంజనీరు సారుది. ఒకటి చేతిలో పట్టే చిన్న సెట్టు, ఇంకొకటి జీపులో బిగించి పైన ఏరియల్ పెట్టేది. సారుకు చిన్నదే నచ్చింది.

వాన వెలిసిన ఆ ఉదయం రెండూ పరీక్షిస్తూ క్వారీలోకి దిగుతున్నాం. మట్టిగుట్ట మలుపు దాటగానే జీపు బురదలో దిగబడింది. చక్రం కింద రాళ్లు వేయబోయిన సారు మోకాళ్లదాకా కూరుకుపోయారు. అప్పుడే గుట్ట అవతల డంపరు మోత వినిపించింది. ఇల్లంత బండి అది. దాని ముందు మనిషి ఉన్నా పైన కూర్చున్న డ్రైవరుకు కనబడడు.

"డంపర్, ఆపు! ఆపు!" అని సారు చేతిలోని సెట్టులో అరిచారు. గరగర తప్ప జవాబు లేదు. మోత దగ్గరైంది. నేను జీపులోని మైకు అందుకున్నాను. ఆ పూట డంపరు మీద డ్యూటీ మల్లన్నదని తెలుసు.

"మల్లన్నా, బ్రేక్ కొట్టు! మలుపు కాడ సారు బురదల ఇరుక్కున్నరు!"

రెండు క్షణాలు ఏమీ వినబడలేదు.

"ఆపిన తమ్మీ, ఆపిన. ఫికర్ చెయ్యకు."

మల్లన్న నడిచొచ్చి సారును పైకి లాగాడు. "పానం పొయ్యేది గద సార్," అన్నాడు.

సాయంత్రం రిపోర్టు ముందేసుకుని సారు నన్ను పిలిచారు. "ఏది రాయమంటవ్?"

"మల్లన్నకు ఇనబడ్డది రాయుండ్రి సార్," అన్నాను.

ఆ రెండు క్షణాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఊపిరాడదు.