కుందూ ఒడ్డున జమ్ము నాటిన మాస్టారు

మా ఓబులేసు మాస్టారు నంద్యాలలో కన్నుమూశారన్న దుర్వార్త మంగళవారం పొద్దున ఫోనులో విన్నప్పుడు, నేను ఆళ్లగడ్డ బస్టాండులో ఉన్నాను. ముందురోజే మాట్లాడాను. "ఎండలో తిరగొద్దు సామీ" అని కసిరితే, "నువ్వొచ్చి నాటు, నేను ఇంట్లో పండుకుంటా" అన్నారు. ఆ కంఠం ఇక వినబడదంటే నా బుద్ధి ఒప్పుకోవడం లేదు.

నంద్యాలలో ఒకే ఉన్నత పాఠశాలలో ఆయన సైన్సు, నేను తెలుగు చెప్పాం. ఆయన నదీభక్తుడు. ఆ భక్తే ఒకసారి మా ఇద్దరి చేతా ఘోరం చేయించింది. కుందూ నదిని శుద్ధి చేద్దామని ఊరిని కదిలించాం. మురికికి మూలం ఒడ్డున పెరిగిన జమ్ముగడ్డేనని నమ్మి, పొక్లెయిన్ తెప్పించి వేళ్లతో సహా పెకలింపజేశాం. నేను మైకు పుచ్చుకొని "పునీతయైన స్రోతస్విని" అంటూ అరగంట దంచాను. చప్పట్లు మోగాయి. మాస్టారు మాత్రం తవ్విపోసిన మట్టి దగ్గర కూలబడ్డారు. అందులో నీటికోళ్ల గూళ్లు, చితికిన గుడ్లు.

"ఎంత పని చేస్తిమప్పా! కడగాల్సింది ఊరి మురుక్కాలవల్ని. మనం వాటి ఇండ్లు పీకేస్తిమి" అని ఏడ్చారు.

ఆ ఏడాది వానలకే ఒడ్డు కోసుకుపోయి పక్క రైతు చేను ఏట్లో కలిసింది. అప్పుడు మొదలైంది ఆయన ప్రాయశ్చిత్తం. అప్పటికి ఆళ్లగడ్డకు మారిన నేను అక్కడి వక్కిలేటిలో జమ్ము దుంపలు తవ్వించి, తడి గోనెసంచుల్లో బస్సులో వేసి పంపేవాణ్ణి. కండక్టరు నన్ను తిట్టని రోజు లేదు. ఆయన పంచె ఎగగట్టి మోకాటి లోతు బురదలో నాటేవారు.

"ఏంది సార్, బాగుండే ఏటిని మళ్లా గలీజు చేస్తాండావ్?" అన్నాడొక కొట్టు యజమాని.

"గలీజు నీ కొట్టు కాలవలో ఉందప్పా. ఈడుండేది కాపురాలు" అన్నారు మాస్టారు, తల ఎత్తకుండానే.

ఏళ్లు పట్టింది గానీ జమ్ము నిలదొక్కుకుంది. ఒడ్డు కోత ఆగింది. చేపలు, వాటి వెంట వలలవాళ్లు వచ్చారు. పోయిన నెల ఆయన పసివాడిలా ఫోనులో అరిచారు. "నీటికోడి పిల్లల్తో తిరుగుతాంది, బిరీన రా అప్పా!" ఏదో పనుందని నేను వెళ్లలేదు. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సంతాపసభలో పెద్దలు ఒక తీర్మానం చేశారు. ఆ జమ్మునంతా తీసేసి మాస్టారి పేర స్నానఘట్టం కడతారట! ఆళ్లగడ్డ శిల్పుల చేత శిలాఫలకం చెక్కిస్తారట, దానికి పద్యం నేను రాయాలట. సరేనని తలూపి వచ్చాను.

అక్కణ్ణుంచి మాస్టారి ఇంటికి వెళ్తే, ఆయన భార్య లక్ష్మీదేవమ్మ గుమ్మంలోనే అడిగింది. "ఏందన్నా, ఆయన పేరు పెట్టి ఆయన నాటిందే పీకుతారా? నువ్వు పద్యం చదువుతావా?"

చదవను. రాయను కూడా. సభలో మింగిన మాట ఇక్కడ చెబుతున్నాను: అది ఆ పుణ్యాత్ముడికి నివాళి కాదు, ద్రోహం.

సోమవారం పొద్దున యంత్రం వస్తుంది. మాస్టారుంటే ఎదురు నిలిచి నలుగురినీ దులిపేసేవారు. ఆ ధీశాలి స్థానం పూరించే శక్తి నాకు లేదు. భయంగానే ఉంది. అయినా ఆ బురదలో దిగి నిలబడతాను. గూళ్లలో ఇంకా పిల్లలున్నాయి, నేనొక్కణ్ణే అయితే పక్కకు లాగేస్తారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు నంద్యాలలో వీధికొకరున్నారు. దండలు తేవద్దు, మీరు రండి.