మా మామ కొట్టేసిన నా గరగర

ముందే చెబుతున్నాను, ఇది నా చేతులారా నేను చేసుకున్న సర్వనాశనం. ఇందులో ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక స్పీకరు డబ్బా, గడ్డం గీసుకునే బ్లేడు ఒకటి, మా అత్త పెట్టిన కుంకుమ బొట్టు ఉన్నాయి. చదివి మీరు నవ్వుతారు. నవ్వండి, మీదేం పోయింది. నాకు మాత్రం తలుచుకుంటే ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో పని. బళ్లారి బ్రూస్‌పేటలో మా మేనమామ సుంకప్ప ఇంట్లో ఉంటూ రోజూ కంపెనీ బస్సులో వెళ్లొచ్చేవాణ్ణి. మొదటి బోనసు రాగానే నాతో చేరినవాళ్లంతా బైకులు కొంటే నేను గిటారు కొన్నాను. దాన్ని ఆంప్లిఫయరుకు తగిలించకపోతే దోమ పాటి చప్పుడు కూడా చేయదని కొన్నాక తెలిసింది. సరే అని, మా వీధి చివర సౌండ్ సర్వీసు నడిపే బాషన్న దగ్గర పాత మైకుసెట్టు ఆంప్లిఫయరు ఒకటి, నల్లటి స్పీకరు డబ్బా ఒకటి కొన్నాను. శబ్దం బ్రహ్మాండంగా వచ్చింది. కానీ నాకు కావలసిన శబ్దం అది కాదు.

రాక్ గిటారు వాయించేవాళ్ల శబ్దం ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? అది శుభ్రంగా ఉండదు. అంచులు చిరిగినట్టు, గొంతు బొంగురుపోయిన మనిషి కోపంతో అరిచినట్టు ఉంటుంది. దాన్ని వాళ్లు టోన్ అంటారు. నేను గరగర అనేవాణ్ణి. ఆ గరగర కోసం ఏడాదిన్నర నేను పడని పాట్లు లేవు. తీగలు మార్చాను, వైర్లు మార్చాను. కాలితో తొక్కే డబ్బీ ఒకటి తెప్పించాను. అది తొక్కితే మహామహుల టోన్ వస్తుందని అట్ట మీద రాశారు. నేను తొక్కితే కాలిన పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వచ్చింది. మా అత్త ఈరమ్మ పొయ్యి మీద ఏదో మాడుతోందనుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

చివరికి ఫోనులో చూసిన వీడియోలో ఒక పెద్దమనిషి రహస్యం చెప్పాడు. పూర్వం ఈ డబ్బీలు లేని కాలంలో, స్పీకరు లోపల గిన్నెలా ఉండే కాగితాన్ని బ్లేడుతో కోసేవారట. కోసిన కాగితం అదిరినప్పుడు వచ్చేదే అసలైన టోనట. ఎంత సులువు చూడండి. ఆ మాట నా చెవిన వేసినవాడు ఇప్పటికీ హాయిగా నిద్రపోతున్నాడేమో, వాణ్ణి తలుచుకున్నా నాకు కోపమే.

ఇక మా మామ సంగతి. ముప్పై ఏళ్లు ఖనిజం లారీ తోలి, నడుము అరిగాక ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఆయనకు జీవితంలో ఒక్కటే కోరిక. సొంత ఊరు కప్పగల్లులో దసరా నాటకంలో రాజు వేషం కట్టి, పద్యం పాడి, జనం చేత వన్స్‌మోర్ అనిపించుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఆయనకు ద్వారపాలకుడి వేషమే ఇస్తున్నారు. ద్వారపాలకుడికి పద్యం ఉండదు, ఈటె ఉంటుంది. ఆ ఏడాది పాత రాజుగారు కట్టుడుపళ్లు పెట్టించుకుని, పద్యం ఎత్తుకుంటే పళ్లు కదులుతున్నాయని తప్పుకున్నాడు. కిరీటం మా మామకు దక్కింది. ఈసారి పద్యం చెడిందంటే మళ్లీ ఈటె పట్టుకోవలసిందే, ఇంక ఆయనకు వయసు కూడా లేదు.

నాటకం హార్మోనియం మాస్టరు సొంతంగా కట్టింది. పద్యాలు తెలుగువి, మామ రాసుకున్నది కన్నడ అక్షరాల్లో. మా వైపు అంతే, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. రెండు నెలలు ఆయన ఆ కాగితం చేతిలోంచి దించలేదు. స్నానానికి వెళ్తే కిటికీలో పెట్టుకుని పాడేవాడు. దసరాకు బాషన్న డబ్బాలన్నీ పందిళ్లకు పోతాయి కాబట్టి నెల ముందే ఒక డబ్బా ఇంటికి తెచ్చి, మైకు పెట్టుకుని సాధన మొదలుపెట్టాడు. అంతేకాదు, తెర లేచే ముందు పది నిమిషాలు నా గిటారు పెట్టాలని కమిటీవాళ్లతో కొట్లాడాడు. వాళ్లు కుదరదంటే, నా అల్లుడు వాయించకుంటే నేను కిరీటం పెట్టనని తెగేసి చెప్పాడట. ఇంత చేసిన మనిషికి నేను చేసింది చూడండి.

మామ తెచ్చిన డబ్బా, నేను కొన్న డబ్బా కవలపిల్లలు. ఒకే రంగు, ఒకే ఎత్తు, మూల మీద గీతతో సహా ఒకటే. రెండూ నడిమింట్లో పక్కపక్కన ఉండేవి. కలిసిపోతాయేమోనని నేను బుర్ర వాడి, అత్త కుంకుమ భరిణెలోంచి కాస్త తీసి నా డబ్బా మీద బొట్టు పెట్టుకున్నాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ పండగ అంటే తెలుసుగా, ఇంట్లో పని చేసే వస్తువు ప్రతిదానికీ పూజే. ఫ్యాక్టరీ బస్సుకు అరటి పిలకలు కట్టి, బంతిపూలు చుట్టి, గుమ్మడికాయ కొట్టి మమ్మల్ని ఇంటికి పంపారు. నేను వచ్చేసరికి అత్త పూజ ముగించి పక్కింటికి పసుపు కుంకుమకు వెళ్లింది. మామ కప్పగల్లుకు ఆఖరి రిహార్సలుకు పోయాడు. మరుసటి సాయంత్రమే నాటకం. డబ్బా కోయడానికి ఇంతకన్నా మంచి సమయం ఉంటుందా?

నడిమింట్లోకి పోయి చూస్తే మిక్సీకి బొట్టు, కుట్టుమిషనుకు బొట్టు, మామ పాత లారీ స్టీరింగుకు బొట్టు, నా గిటారుకు మూడు బొట్లు. రెండు డబ్బాలకూ బొట్లు. మా అత్త తడిగుడ్డతో అన్నీ తుడిచి మరీ పెట్టింది.

అప్పుడైనా బుద్ధున్నవాడు ఏం చేయాలి? అత్త వచ్చేదాకా ఆగి అడగాలి. కానీ ఆయుధపూజ నాడు పూజలో పెట్టిన పనిముట్టు ముట్టుకోకూడదు, ఆ రోజు వాటికి విశ్రాంతి. డబ్బా ఏదని అడిగితే ఎందుకని అడుగుతుంది. కోయడానికని చెబితే ఆ సాయంత్రం నాకే హారతి ఇస్తుంది. అందుకని నేను పరిశోధన మొదలుపెట్టాను. నేను బొట్టు పెడితే కాస్త ఎడమకు ఒరుగుతుంది, కుడి పక్క డబ్బా బొట్టు ఎడమకు ఒరిగింది, కాబట్టి కుడిదే నాది. ఇదీ నా తర్కం. ఈ తర్కంతో నన్ను ఉక్కు ఫ్యాక్టరీలో ఎలా పెట్టుకున్నారో నాకు తెలియదు.

స్క్రూడ్రైవరుకు బొట్టు ఉంది. లెంపలేసుకుని తీశాను. మామ గడ్డం సెట్టుకూ బొట్టు ఉంది. మళ్లీ లెంపలేసుకుని బ్లేడు తీశాను. డబ్బా ముందు జాలీ విప్పి, కాగితానికి జానెడు పొడవున మూడు గాట్లు పెట్టాను. చేయి వణకలేదు, అదే నా బాధ. కోశాక ఎలా మోగుతుందో చూద్దామంటే పూజలో ఉన్న ఆంప్లిఫయరు వేయకూడదు. అంత పాపం చేసినవాడికి ఆ ఒక్క నియమం దగ్గర భక్తి పుట్టుకొచ్చింది. జాలీ బిగించి, బ్లేడు తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టి, చేతులు కడుక్కుని కూర్చున్నాను.

మర్నాడు పండగైనా కొలిమి ఆరదు కదా, నాకు పొద్దుటి షిఫ్టు. అది దిగి తిన్నగా కప్పగల్లు చేరాను. సామానంతా బాషన్న తన బండిలో తెచ్చాడు. ఏ డబ్బా ఎవరిదో ఆయనకు బాగా తెలుసు, తన డబ్బా అడుగున తెల్ల రంగుతో గుర్తు వేసుకున్నాడు. ఆ గుర్తు సంగతి నాకు ఆ రోజే తెలిసింది. నెల రోజులు ఆ డబ్బా పక్కన పడుకున్నాను, ఒక్కసారి పడగొట్టి అడుగు చూసిన పాపాన పోలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. నేను గిటారు తగిలించుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, కళ్లు మూసుకుని తీగ మీద ఒక్క దెబ్బ వేశాను. పొద్దున్నే గుడి మైకులో సుప్రభాతానికి ముందు మోగే వీణలా తియ్యగా మోగింది. గరగర లేదు. మీటలన్నీ చివరికంటా తిప్పాను. అదే తీపి, ఇంకాస్త గట్టిగా. ముందు వరసలో ఒక ముసలమ్మ చేతులు జోడించింది.

"దేవుని పాట మాదిరి ఉండాదప్పా. ఇంగోటి వాయించు" అంది.

డబ్బా వైపు చూశాను, జాలీ వెనక కాగితం నున్నగా ఉంది. అంటే కోసినది స్టేజీ పక్క గుంజకు తాళ్లతో ఎత్తుగా కట్టిన డబ్బా. మామ పద్యం రావలసిన డబ్బా.

దిగి బాషన్న దగ్గరికి పరిగెత్తి, చెవిలో సంగతి చెప్పి డబ్బాలు మార్చమన్నాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"కోసినావా? స్పీకరేమన్నా వంకాయనా, కోసేకి?" అన్నాడు. "నలభై ఏండ్ల నుంచి గరగర పోగొట్టేకి సస్తాండా నేను. నువ్వు కావాలని తెచ్చినావా?"

ఆ తాళ్లు విప్పి కట్టడానికి అరగంట కావాలని, రాజు వచ్చేది మొదటి రంగంలోనేనని చెప్పి, నెత్తిన చేయి పెట్టుకున్నాడు. ఇక మామకే చెప్పి మైకు లేకుండా పాడమందామని తెర వెనక్కి పోయాను. మామ కిరీటం పెట్టుకుని, మీసం దిద్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. ముఖానికి రంగు పడ్డాక స్టేజీ ఎక్కేవరకు నోరు విప్పకూడదని మాస్టరు పెట్టిన నియమం. నేను మామా అంటూ కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆశీర్వాదానికి వచ్చాననుకుని ఆయన నా తల మీద చేయి పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి ఆయనకు. సంగతి ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుండగానే మాస్టరు పక్క నుంచి నన్ను గెంటేశాడు.

తెర లేచింది. మామ నడిచొచ్చి మైకు ముందు నిలబడ్డాడు. నేను బాషన్న పక్కన చెవులు మూసుకుని కూర్చున్నాను, కానీ ఎంత మూసుకున్నా ఎంతని మూసుకుంటాం? కింది స్థాయిలో ఉన్నంతసేపు బాగానే ఉంది. పై స్థాయికి పోయి గొంతు సాగదీశాడో లేదో, గుంజ మీద డబ్బా గర్జించింది.

అదే. అదే నా గరగర. ఏడాదిన్నర తీగలు మార్చి, డబ్బీలు తొక్కి, నిద్ర మాని వెతికిన టోన్. అంచులు చిరిగి, లోపల కాలి, బరువుగా, పొడుగ్గా, సుంకప్ప మామ గొంతులోంచి కప్పగల్లు మీద పడింది. ఆయన రాగం తిప్పినకొద్దీ అది ఆయన్ని మోసుకుంటూ పైకి పోయింది. జనం రాజు కోపం అంటే ఇది అన్నట్టు కూర్చున్నారు. రాగం దిగగానే ఊరంతా ఒక్క గొంతుతో వన్స్‌మోర్ అంది.

మామ మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్‌మోర్. మూడోసారికి పాత రాజుగారు స్వయంగా స్టేజీ ఎక్కి శాలువా కప్పాడు. దేవుని పాటన్న ముసలమ్మ ఈలవేసింది, నా కళ్లతో నేను చూశాను. బాషన్న మాత్రం నెత్తిన పెట్టిన చేయి తీయలేదు.

ఆగండి, అసలు మంట ఇక్కడుంది. నాటకం అయ్యాక మామ రంగు కూడా తుడుచుకోకుండా నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చేయి వేశాడు.

"నీ గిటారు విన్నాలేరా నాగా. బాగుండాది గానీ, ఉత్త తీపి. దాంట్లో గరగర లేదు" అన్నాడు. "అది డబ్బాల్లో రాదురా. లోపల్నుంచి రావాల. రెండు నెల్లు సాధన చేస్తే నాకు వచ్చింది. నువ్వూ చెయ్యి, వస్తాది."

నా గరగర. నా బ్లేడు. నా మూడు గాట్లు. నాకే పాఠం. డబ్బా జాలీ విప్పి ఆయన ముందు పెట్టాలనిపించింది. నోరు తెరిచాను కూడా. అప్పుడు అత్త నా మోచెయ్యి పట్టుకుని బండి చాటుకు లాక్కుపోయింది.

"పొద్దున మీ మామ గడ్డం గీసుకునేకి బ్లేడు తీస్తే నల్ల కాగితం పీచుండాది. నేనే తుడిచి ఇచ్చినా. ఏందో అనుకుంటి, ఇప్పుడు తెల్సె" అంది మెల్లగా. "ఇరవై ఏండ్లు ఈటె పట్టుకోని నిలబడినాడు ఆ మనిషి. ఆ గొంతు నీది కాదు అని ఎవురైనా ఆయనకు చెప్తే, వాళ్లకు నా ఇంట్లో కూడు లేదు."

అప్పటి నుంచి నేను రోజూ ఆ ఇంట్లో కూడు తింటున్నాను, పాఠం వింటున్నాను. బాషన్న డబ్బాకు కొత్త కాగితం వేస్తానంటే మామ ఒప్పుకోలేదు, అది తన గొంతుకు అచ్చొచ్చిన డబ్బా అట. నా డబ్బా బాషన్నకు ఇచ్చి దాన్ని ఇంట్లోనే పెట్టించాడు. ప్రతి ఆయుధపూజకూ అత్త మొదటి బొట్టు దానికే పెడుతుంది. నా గిటారుకు ఆఖరున, భరిణెలో మిగిలితే.

అందుచేత, బొట్టు పెట్టిన ఆ మూడు గాట్ల డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో స్పీకరు కాగితం మీద బ్లేడు పెట్టను. గడ్డానికి కూడా మిషనే వాడుతున్నాను. ఆ గొంతు ఎవరిదో మా మామకు చచ్చినా చెప్పను. మరి ఇంత వివరంగా ఇక్కడ రాశావు కదరా అంటారా? మా మామ నోటి నిండా తెలుగే, కానీ చదివేది కన్నడ ఒక్కటే. ఈ పేజీ ఆయన చేతిలో పెట్టినా తిరగేసి, మరమరాలు పొట్లం కట్టుకుంటాడు. మీలో ఎవరైనా కప్పగల్లు వైపు పోతే మాత్రం, మీకు దండం పెడతాను, దీన్ని ఆయనకు చదివి వినిపించకండి.