చించలేని చీటీ

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఆదోని ఎండలో దయ్యం బయటికొస్తే మూడడుగులు వెయ్యకముందే వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరుతుందని నలుగురిలో చెప్పి నవ్వించినవాణ్ణి. గోరంతను కొండంత చేస్తానని ఊళ్లో నాకు పేరు కూడా ఉంది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. రాస్తే నమ్మేదెవరు? కానీ ఇందులో మాత్రం చెంచాడు నీళ్లు కూడా కలపలేదు.

నాకో చిన్న రేడియో స్టేషన్ ఉంది. పత్తి గోదాము మీద రెండు గదులు. మా టవరు ఆకాశాన్ని గీరుతుందని అందరికీ చెబుతుంటాను. నిజానికి పక్కింటి నీళ్ల ట్యాంకు కన్నా నాలుగడుగులు ఎత్తు, అంతే. ఎమ్మిగనూరు దాకా వినబడుతుంది. గాలి దయతలిస్తే నందవరం దాకా.

మధ్యాహ్నం పన్నెండున్నరకు తప్పిపోయినవాటి కబుర్లు చెబుతాం. గొర్రెలు, ఎద్దులు, ఉరుకుంద తిరునాళ్లలో తప్పిపోయిన ముసలివాళ్లు. ఫోన్లో జనం చెప్పింది నేను చీటీ మీద రాసేవాణ్ణి, మస్తాన్ సాబ్ చదివేవాడు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. మిషన్ల హోరు మీద అరిచి అరిచి గొంతు గరుకుబారింది. చదివే ముందు ఉంగరంతో స్టీలు గ్లాసును రెండుసార్లు కొట్టేవాడు.

ఆయనవి రెండు పట్టుదలలు. ఆ కబుర్లు రికార్డు చెయ్యనిచ్చేవాడు కాదు. "దొరికిన గొర్రెను మల్లీ తప్పిపోయిందని పిలిస్తే నిజంగానే పోతాదప్పా" అనేవాడు. చదివిన చీటీని, దొరికిందని కబురు రాగానే చించెయ్యాలి. ఇక రెండోది, నా రాతను ఉన్నదున్నట్టు నమ్మేవాడు కాదు. నేను "ఏనుగంత బర్రె" అని రాస్తే మైకు ముందు ఒట్టి "బర్రె" అని చదివి, బయటికొచ్చి, "జనం నీ ఏనుగును యాడని ఎతకాలప్పా?" అని దెప్పేవాడు.

రంజాన్ అయిన వారానికి చనిపోయాడు. జనాజాకు నేనూ భుజం పట్టాను. అప్పట్నుంచి చీటీలు నేనే చదువుతూ వచ్చాను.

ఈలోగా చుట్టుపక్కల చిన్న స్టేషన్లన్నిటినీ ఒక పెద్ద కంపెనీ కొనేసింది. అన్ని ఊళ్లలో ఒకటే గొంతు, ఒకటే నవ్వు. ఎవరి గొర్రె పోతే ఆ గొంతుకేం? ప్రకటనలన్నీ అటే వెళ్లిపోయాయి. చివరికి నేనూ తలవంచాను. మధ్యాహ్నం మూడింటికి సంతకం అన్నారు.

ఆ రోజు పదకొండుకల్లా కంపెనీ ఇంజినీరు వచ్చి ట్రాన్స్‌మిటర్ ఆపేశాడు. టవరుకు పోయే కేబులు ఊడదీసి, చుట్ట చుట్టి తన సంచిలో పెట్టుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. నందవరం నుంచి లక్ష్మక్క. కూలికి పోయే మనిషి, ఉన్నదల్లా ఒకటే గొర్రె.

"సూడి గొర్రెన్నా. ఎడం సెవి సగం తెగింటాది. నిన్నట్నుంచి లేదు. రవ్వంత సదవన్నా, నీ కాళ్లు మొక్కుతా."

స్టేషన్ మూతపడిందని చెప్పడానికి నోరు రాలేదు. "సదువుతాంలే అక్కా" అనేశాను. చెయ్యి అలవాటుగా చీటీ కూడా రాసేసింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చూపలేదు.

పన్నెండూ నలభైకి ఎమ్మిగనూరు బస్టాండు నుంచి టీకొట్టు రహీం ఫోను చేశాడు.

"ఏందన్నా, సాబు సావలేదా? ఇప్పుడే గదా రేడియోలో మాట్లాడినాడు!"

"నువ్వు టీలో ఏం కలుపుకుంటాండావురా?"

"నా ఒక్కనికే కాదన్నా, ఈడ కూచున్న ఆరుమందీ ఇన్నారు. గ్లాసు కొట్టింది గూడా ఇన్నాం."

నవ్వబోయాను. ఇంజినీరు చేత సంచి తెరిపించాను. కేబులు అందులోనే ఉంది. ట్రాన్స్‌మిటర్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఒకటిన్నరకు మళ్లీ లక్ష్మక్క. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"దొరికిందన్నా! గోనెగండ్ల తట్టు గొర్రెలాయప్ప మందలో కలిసినాదంట. రేడియో ఇని, దాంట్లో సెప్పిన నా నంబరుకు ఫోన్ సేసినాడు. బక్క గొర్రె, ఎడం సెవి సగం తెగింటాది అని సాబు సక్కగా సెప్పినాడంట. సాబుకు నా సలాం సెప్పన్నా."

జేబులోంచి చీటీ తీశాను. నా రాతే. "దున్నపోతంత గొర్రె. కుడి చెవి సగం తెగింది." తొందరలో ఎడమను కుడి చేశాను. ఆ చీటీని ఎవరు చదివినా కుడి చెవి అనే చదవాలి, దున్నపోతంత అనే చదవాలి.

గొర్రె ఆనవాళ్లు ఇంకెవరికైనా చెప్పావా అని లక్ష్మక్కను అడిగాను. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదని బిడ్డల మీద ఒట్టేసింది.

మూడింటికి కాగితాలు ముందు పెట్టారు. పెన్ను పట్టుకున్నాను. ఎదురుగా ఆ స్టీలు గ్లాసు. పెన్ను కింద పెట్టేశాను.

"ఒక గొర్రె కోసం ఇంత మంచి బేరం వదులుకుంటారా సార్?" అని గొణుక్కుంటూ ఇంజినీరు కేబులు మళ్లీ తగిలించాడు.

ఇప్పుడు ఆ కంపెనీ మా ఎదురుగానే టవరు కట్టింది. అది నిజంగానే ఆకాశాన్ని గీరుతోంది, నేను కలపాల్సిందేమీ లేదు. మా గొంతు ఇంకెన్నాళ్లు నిలుస్తుందో తెలియదు. నిద్ర సరిగా పట్టడం లేదు.

చీటీలు ఇప్పుడు కొలిచి రాస్తున్నాను. బర్రె అంటే బర్రె. దిద్దే మనిషి లేడు కదా.

లక్ష్మక్క చీటీ మాత్రం సొరుగులోనే ఉంది. గొర్రె దొరికింది కాబట్టి చించాలి. కానీ ఆ చీటీని ఇంతవరకూ ఎవరూ చదవలేదు. చదవని చీటీని చించవచ్చో లేదో సాబ్ నాకు చెప్పలేదు.