ఆరు నిమిషాల అడవి

పరాయి భాషల సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాయడం నా పని. వరంగల్‌లో ఇంట్లోనే కూర్చుని రాస్తాను. ఏ పెదవి కదలికకు ఏ మాట అతుకుతుందో చూడగానే చెప్పగలను. భయపెట్టే సినిమాలు ఎక్కువగా నాకే పంపుతారు. వాటిలో నాకిష్టమైనవి నిదానంగా నడిచేవి: మనిషి అలికిడి లేని అడవి, అందులో చిక్కుకున్న ఇద్దరు ముగ్గురు, వాళ్లను లెక్కే చేయనంత పెద్దదేదో.

నిరుడు వానాకాలంలో అలాంటిదొకటి వచ్చింది. మంచు అడవిలో సర్వేకు వెళ్లిన ముగ్గురు, నిన్న చూసిన కొండ ఇవాళ అక్కడ లేదని గమనిస్తారు. ఆ తర్వాత ఆరు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. చెట్లు, మంచు, ఆకాశం, అంతే.

హైదరాబాద్ నుంచి డబ్బింగ్ మేనేజర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆ ఆరు నిమిషాల్లో ఏవైనా మాటలు పెట్టండి. వాళ్లు అటు తిరిగి ఉన్నారు కదా, పెదాలు కనబడవు. దయ్యం ఉందనో, పారిపోదామనో అనిపించండి. లేకపోతే జనం చూడటం ఆపేస్తారు."

"అది దయ్యం కాదు సార్. దయ్యానికి మనతో పని ఉంటుంది. దీనికి మనమున్నట్టే తెలియదు."

"మరి దాన్ని తెలుగులో ఏమంటారు?"

రేపు చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మా బాపు పాకాల అడవిలో వాచరుగా చేసి రిటైరయ్యాడు. సినిమాలంటే ఆయనకు విసుగు. అయినా అడవి చూసినవాడు ఏమంటాడో విందామని, మధ్యాహ్నం అన్నం తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆ భాగం వేశాను. రెండో నిమిషంలోనే లేచిపోతాడనుకున్నాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చివరిదాకా చూశాడు.

"గిట్లనే నాకొకపారి అయింది బిడ్డా" అన్నాడు. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

"పట్టపగలు. నేను, ఇంకో వాచరు పోతానం. ఒక్కపారే పిట్టలన్నీ బందైనయి. పురుగు సుత సప్పుడు చేస్తలేదు. పులి అనుకున్నం. పులైతే కోతులన్న ఒర్రాలె. అవి సుత ఒర్రలే."

"మరి ఏముండె బాపూ?"

"ఏం లేకుండె. జరసేపటికి పిట్టలు మల్ల కూసినయి. మేం నడుసుకుంట వచ్చినం."

"మీరిద్దరు ఏమనుకున్నరు?"

"ఏమనుకుంటం? ఆయన నా మొఖం చూసిండు, నేను ఆయన మొఖం చూసిన. ఊరిదాంక మాట్లాడలే. అటెన్క పదేండ్లు కలిసి చేసినం. ఒక్కనాడన్న గా ముచ్చట తీయలే."

చాయ్ పెట్టమని, లేచి వరండాలోకి పోయాడు. మేనేజరుకు ఏం చెప్పాలో తెలిసి నా మనసు తేలికైంది.

మర్నాడు నేనే ఫోన్ చేశాను. "సార్, అక్కడ నేను మాటలు రాయను. అడవి తెలిసిన మనిషి ఆ చోట మాట్లాడడు. దానికి పేరూ పెట్టడు."

"జనం ఆపేస్తే?"

"ఆపేసేవాళ్లు మాటలున్నా ఆపేస్తారు."

సరేనన్నాడు.

సినిమా విడుదలయ్యాక చూశాను. ఐదున్నర నిమిషాలు చక్కగా నిశ్శబ్దంగా ఉంది. చివర్లో మాత్రం, నన్నడగకుండా, ఎవరి గొంతుతోనో "ఎవరక్కడ?" అనిపించారు. ఒళ్లు మండింది. అప్పటినుంచి, మాటలేని చోట మాట చేర్చాలంటే ముందు నన్నడగాలని మెయిల్‌లో రాయించుకున్నాకే పని మొదలుపెడుతున్నాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.