పదో సంతకం

మిలిట్రీలో పదిహేడేళ్లు చేసి తొంభైల మొదట్లో పెనుకొండకు తిరిగి వస్తే, మా వీధిలో అందరూ అడిగింది ఒకటే. "ఎంతమందిని కాల్చినావప్పా?" అని. నేను ఒక్కణ్నీ కాల్చలేదు. తుపాకీ పట్టడం నేర్పారు, పట్టాను. కానీ నా పని గాయాలు కడగడం, కట్లు కట్టడం, సూదులు వేయడం, లేవలేనివాళ్ల మలమూత్రాలు ఎత్తడం. ఆ సంగతి చెప్పగానే అడిగినవాళ్ల మొహాలు చప్పబడిపోయేవి. వారం తిరక్కుండా నాకు "మగ నర్సమ్మ" అని పేరు పెట్టారు. మాది పరుపులు కుట్టుకుని బతికే సాయిబుల ఇల్లు. మా నాయన కూడా ఆ పేరు విని, "ఇంగ ఏదన్నా అంగడి పెట్టుకోరాదా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచులో కాళ్లు నల్లబడిన జవాన్లను ఈ భుజాల మీద మోశాను. వీళ్లకు అది నవ్వులాట అయింది.

అంగడి పెట్టలేదు. బస్టాండు దగ్గర ఒక డాక్టరు దగ్గర నర్సుగానే చేరాను. సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి కట్లు కట్టేవాణ్ని. ఏడాది తిరిగేసరికి నవ్వినవాళ్లే "అన్నా, మా అవ్వకు నడుం మీద పుండు పడిండాది, చూసి పో అన్నా" అని తలుపు తట్టడం మొదలుపెట్టారు. వెళ్లేవాణ్ని. తిట్టుకుంటూ వెళ్లేవాణ్ని. తిట్టేది నోరు, చేసేది చేయి. నా చేతికి కోపం ఉండేది కాదు. ఆ ఒక్క విషయంలో నాకు గర్వం ఉండేది.

మా వీధి వెనకే నేతవాళ్ల ఇళ్లు. అక్కడ ఒక మగ్గం ఆయన ఉండేవాడు, నాకంటే నాలుగైదేళ్లు చిన్న. షుగరు. కుడికాలి బొటనవేలి కింద పుండు పడి, ఎవరో చెప్పారని ఏదో ఆకు నూరి కట్టి, కుళ్లబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి, కింది చెక్కలు తొక్కుతూ నేసే మగ్గం ఆయనది. కాలు లేకుంటే ఆ మగ్గం లేదు. "తీసెయ్యాలంటారేమోనని పెద్దాసుపత్రికి పోలేదన్నా" అన్నాడు. రోజు మార్చి రోజు చచ్చిన కండ కత్తిరించి, కడిగి, కట్టు కట్టాను. మూడు నెలలకు పుండు రూపాయి బిళ్లంతది గోరంత అయింది. ఒక్క కట్టు తప్పినా మళ్లీ లోపలికి తొలుస్తుందని ఆయనకు పదిసార్లు చెప్పాను. ఆయనకు తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

అప్పుడే రైలు సంగతి వచ్చింది. బెంగళూరు పోయే ఎక్స్‌ప్రెస్ పెనుకొండలో ఆగకుండా మా కళ్ల ముందే దూసుకుపోయేది. ఒక రోజు గుండెనొప్పి వచ్చిన టీ అంగడి మనిషిని హిందూపురం తీసుకుపోదామని బస్సెక్కించాను. సోమందేపల్లి దాటకుండానే నా భుజం మీద ప్రాణం వదిలాడు. పక్కనే పట్టాల మీద ఆ రైలు మమ్మల్ని దాటుకుని పోయింది. నాకు పిచ్చెక్కినంత పనయింది. అర్జీ రాసి, రెండు వందల మందితో వేలిముద్రలూ సంతకాలూ పెట్టించి, హిందూపురంలో ఒక నాయకుడి ఇంటికి తీసుకుపోయాను. ఆయనకు పదవి ఏమీ లేదు. కానీ ఎవరికి పదవి రావాలో ఆయన వరండాలో తేలేది.

పొద్దున పోతే మధ్యాహ్నం దాకా నిలబెట్టాడు. చివరికి అర్జీ చదవకుండానే పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "రైలు ఆపేది ఈడ కాదప్పా, ఢిల్లీలో. నువ్వే పోయి నిలబడు పార్లమెంటుకు. మగ నర్సమ్మను రానిస్తారేమో అడుగు." వరండా అంతా పకపక నవ్వింది.

"అట్లనే. నిలబడతా" అన్నాను.

ఎవరైనా నన్ను రాజకీయాల్లోకి ఎందుకు వచ్చారని అడిగితే దేశసేవ అనీ, ప్రజల కోరిక అనీ చెబుతుంటాను. అబద్ధం. ఆ నవ్వుకు ఒళ్లు మండి వచ్చాను.

ఎన్నికలు వచ్చాయి. పార్టీ లేని మనిషి నామినేషన్ వేయాలంటే ఆ స్థానంలో ఓటున్న పదిమంది ప్రతిపాదించి సంతకం చేయాలి. పదిమందే కదా, నేను కట్టిన కట్లు పదివేలు ఉంటాయి అనుకున్నాను. తిరిగితే తెలిసింది. "నీకు కాకుంటే ఎవురికేస్తామన్నా ఓటు, సంతకం పెడితే హిందూపురం దాకా తెలిసిపోతాది, వద్దులే" అన్నాడొకడు. వాడి కూతురి కాన్పుకు తెల్లవార్లూ కాపలా ఉన్నాను నేను. ఇంకొకడు నన్ను వీధి మలుపులో చూసి ఇంట్లోకి దూరి, పెండ్లాంతో "ఊర్లో లేడు" అనిపించాడు. వాడి చెప్పులు గడపలోనే ఉన్నాయి. సూది గుచ్చేటప్పుడు చెయ్యి చాచినవాళ్లంతా కాగితం చూపేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఏరు దాటాక తెప్ప తగలేసే జాతి అని వీధిలోనే అరిచాను. మా ఆవిడ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

తొమ్మిది అయ్యాయి. పదోది దొరకలేదు. నామినేషన్లకు ఆఖరి రోజుకు ముందు సాయంత్రం మగ్గం ఆయన కట్టుకు వచ్చాడు. నేను ఏమీ అడగలేదు, నిజంగా అడగలేదు. కట్టు అయిపోయాక ఆయనే అన్నాడు. "కాగితం ఇయ్యన్నా. నేను పెడతా." వంకరటింకర తెలుగు అక్షరాల్లో, నాలిక కొస పండ్ల మధ్య పట్టుకుని, నా మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు.

మరుసటి రోజు ఆఫీసులో కాగితాలు తీసుకున్న గుమాస్తా వయసు మళ్లినవాడు. చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఒకటే సెట్టా సార్? నాలుగు సెట్ల దాకా వెయ్యొచ్చు. వేరే వేరే మనుషులతో సంతకాలు పెట్టిస్తారు అందరూ. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటాది. ఇంకా రెండు గంటలు టైముంది, కనుక్కోండి."

ఆయన నా మంచికే చెప్పాడు. నాకు ఆ మాట నా మనుషులను అనుమానించినట్టు తోచింది. "పది అంటే పది. మాది మిలిట్రీ లెక్క. నా వాళ్లు మాట తప్పేవాళ్లు కాదు, మీ పని మీరు చూసుకోండి" అని గట్టిగా అన్నాను. అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు. గుమాస్తా మొహం చిన్నబుచ్చుకుని రసీదు ఇచ్చాడు. పటాలంలో పది అని ఉత్తర్వు వస్తే పదే పట్టుకుపోతాం, పదకొండోది తెస్తే తిడతారు. ఇక్కడి ఎన్నికలు ఆ లెక్కన నడవవని తెలుసుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది నాకు.

నామినేషన్ల పరిశీలన రోజు ఆఫీసు ముందు జీపు వచ్చి ఆగింది. అందులోంచి ధర్మవరం షావుకారు దిగాడు. మగ్గం ఆయనకు మగ్గానికెక్కించే పట్టు వార్పూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునేది ఈయనే. హిందూపురం నాయకుడికి వియ్యంకుడు కూడా. ఆయన వెనక మగ్గం ఆయన దిగాడు, కుంటుకుంటూ.

అధికారి కాగితం చూపించి అడిగాడు, ఈ సంతకం నీదేనా అని.

"కాదు సార్. నేను పెట్లేదు."

నా మొహం చూడలేదు. తల వంచుకుని తన కాలే చూసుకుంటున్నాడు. ఆ కాలికి ఉన్న కట్టు సంతకం పెట్టిన సాయంత్రం నేను కట్టింది, ఇంకా తెల్లగా ఉంది. నేను కట్టిన కట్టు మీద నిలబడి నన్ను అబద్ధాలకోరును చేశాడు. తొమ్మిది సంతకాల నామినేషన్ చెల్లదన్నారు. నేను బల్ల గుద్దాను, అరిచాను, పోలీసులు నన్ను బయటికి నడిపించారు. గేటు దగ్గర షావుకారు డ్రైవరు, "నర్సమ్మా, ఢిల్లీ రైలు పాయనా?" అన్నాడు.

ఆ సాయంత్రం కట్టు మార్చాలి. ఆయన రాలేదు. ఆ తర్వాతి కట్టు రోజూ రాలేదు. నాలుగో రోజు మా ఆవిడ అన్నం పెడుతూ అంది. "ఆ మగ్గమాయప్ప రాల్యా. పోయి చూసి రాకూడదా? సందు తిరిగితే ఇల్లు."

"వాడే రానీ. జీపెక్కి ఆఫీసుకు పోయినోడు నడిచి ఈడికి రాలేడా?"

"సిగ్గయితాంటాదేమో."

"కానీ. సిగ్గు పడనీ."

ఎనిమిదో రోజు ఆయన పెండ్లాం వచ్చింది. గడప దాటలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కాలు వాసనొస్తాంది అన్నా. నువ్వు రాకున్నా పర్వాలేదు. మందూ గుడ్డా ఇయ్యి, నేనే కట్టుకుంటా" అంది. వాసన అంటే ఏమిటో నాకు తెలియక కాదు. ఆ మాట చెవిన పడగానే లేచి సంచి తీసుకోవలసినవాణ్ని. "మీ షావుకారును కట్టమను పో" అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

రెండు వారాలకు బస్టాండులో విన్నాను. బెంగళూరులో ఆయన కాలు మోకాలి కింద నుంచి తీసేశారని. నా మీద నాకు అసహ్యం వేసింది. అన్నం సహించలేదు. ఆ అసహ్యం ఎన్నాళ్లు నిలిచిందనుకున్నారు? రెండు రోజులు. మూడో రోజుకల్లా దాన్ని షావుకారు మీదికీ నాయకుడి మీదికీ మళ్లించేశాను. వాళ్లు బెదిరించబట్టే కదా వాడు కాదన్నాడు, కాదనబట్టే కదా నేను పోలేదు! తిప్పితిప్పి చూసుకుంటే నా తప్పు ఎక్కడా కనబడేది కాదు. కోపం ఉన్నవాడికి ఇదొక సుఖం.

నా నామినేషన్ పోయిన సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. పాపం మిలిట్రీ మనిషి, పాపం సేవ చేసే మనిషి అని. అంతకు ముందు నన్ను గడప తొక్కనీయని పార్టీలవాళ్లు కారు వేసుకుని మా ఇంటికి వచ్చారు. మగ నర్సమ్మ అన్న నోళ్లే "సైనిక సోదరుడు" అన్నాయి. ఒక ఢిల్లీ పార్టీలో చేరాను. ఢిల్లీకీ పోయాను, చలికోటు వేసుకుని పార్టీ మీటింగు హాల్లో కూర్చున్నాను. మాట్లాడటం నేర్చుకున్నాను. నాకు పేరు తెచ్చింది మాత్రం ఒకే ఒక్క ముక్క. ధర్మవరం స్టేషను దగ్గర సభలో మొదటిసారి చెప్పాను. "నా చేత కట్టు కట్టించుకున్న మనిషి, ఆ కట్టు ఆరకముందే నాకు పెట్టిన సంతకం తనది కాదన్నాడు! ఆయనది తప్పు కాదు, ఆయన్ని భయపెట్టినవాళ్లది!" చప్పట్లు మోగిపోయాయి. నేతవాళ్లు కండ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత ప్రతి సభలోనూ అదే చెప్పాను. ఐదేళ్లు చెప్పాను. ఆ పైన జరిగిన ఎనిమిది రోజుల సంగతి ఒక్క సభలోనూ చెప్పలేదు.

తర్వాతి పార్లమెంటు ఎన్నికలకు పార్టీ నాకు టికెట్ ఇచ్చింది. ఈసారి నాలుగు సెట్లు వేశాను. ప్రచారం జీపు మా పెనుకొండ నేతవీధిలోకి తిరిగింది. ఆ వీధికి రాకుండా తప్పించుకోవాలని చూశాను, సొంత ఊరు వదిలేస్తే ఎలాగని కార్యకర్తలు వినలేదు. జనం మూగారు. మైకు చేతికిచ్చారు. నోటికి అలవాటైన మాటలు, నన్ను అడగకుండానే వచ్చేశాయి. కట్టు కట్టించుకున్న మనిషి సంతకం కాదన్నాడని చెప్పాను. ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఒక అరుగు వైపు చూశారు.

అక్కడ ఉన్నాడు. చంకకర్ర గోడకు ఆనించి, వేరేవాళ్ల మగ్గానికి కండెలకు నూలు చుడుతున్నాడు. తల నెరిసిపోయింది. ఇక జీపులో కూర్చోవడం కుదరదు. దిగాను. మైకు చేతిలోనే ఉంది, తీగ ఈడ్చుకుంటూ అరుగు దాకా వెళ్లి దండం పెట్టాను. ఓటు అడగాలో క్షమించమని అడగాలో తెలియక, "బాగుండావాప్పా?" అన్నాను.

"ఉండాను. ఓటు నీకే ఏస్తాలే అన్నా, దానికేం" అన్నాడు. కండె పక్కన పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేవాణ్ని, కోపంతో ఎట్లా మాట్లాడాలో నాకు తెలుసు. నిజంగా తెలుసుకోవాలనుకున్నట్టు అడిగాడు.

"వార్పు ఇయ్యరని, పిల్లోళ్లు పస్తుంటారని నాకు భయమాయె. సంతకం కాదన్న్యా. నీకు ఏం భయమాయెనన్నా, నా కాలు చూసేకి రాకపోతివి?"

నా చేతిలోని మైకును నేను ఆపలేదు. ఆయన అడిగింది వీధి చివరిదాకా వినబడింది.