వైరస్ ఉందన్న ఫొటో

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పాడేరు ఘాట్ రోడ్డులో తెల్లచీర కనిపించిందని ఎవరైనా మొదలుపెడితే మొహం మీదే తిట్టేవాణ్ని. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా నాకు భయం లేదు, కోపమే వస్తోంది.

రెండువేల ఐదారు ప్రాంతంలో పాడేరులో నాకు ఫొటో స్టూడియో ఉండేది. కొత్తగా డిజిటల్ కెమెరా, కంప్యూటరు కొన్నాను. నెట్ లేదు. యాంటీవైరస్ విశాఖపట్నంలో కొన్న సీడీ నుంచి వేసిందే. ఎవరైనా కొత్త సీడీ తెస్తేనే అప్‌డేట్.

ఒక మధ్యాహ్నం సోంబారి అనే ఆవిడ కొండ మీది ఊరి నుంచి జీపులో వచ్చింది. ఆమె కూతురు హాస్టల్లో చదివేది. గుర్తింపు కార్డుల కోసం ఆ పిల్లలందరికీ నేనే ఫొటోలు తీశాను. తర్వాత ఆ పిల్ల జ్వరంతో చనిపోయింది. ఆ ఒక్క ఫొటోలో తప్ప తల్లికి కూతురి మొహం ఇంకెక్కడా లేదు.

ఫైలు నొక్కాను. తెర మీద ఎర్ర డబ్బా వచ్చి, ఇందులో ట్రోజన్ వైరస్ ఉందని చెప్పి, ఫొటోని లాగేసి దాచేసింది. వెనక్కి తెచ్చాను. మళ్లీ లాగేసింది. అదే రోజు అదే కెమెరాతో తీసిన మిగతా పిల్లల ఫొటోలు మాత్రం శుభ్రంగా తెరుచుకున్నాయి.

"ఏటంటంది బాబూ అది?" అంది సోంబారి.

"ఫొటోలో దొంగ దూరాడంటోందమ్మా. దీని మొహం! ఉండు, దీన్ని ఆపేసి ఫొటో తీసిస్తాను."

ఆమె మొహం పాలిపోయింది.

"వద్దు బాబూ. దినం అవ్వలేదు. అయ్యేదాకా సచ్చిపోయినోల్ల మొకం సూడకూడదు మా ఊర్లో. ఉండబట్టలేక ఎవులికీ సెప్పకుండా వచ్చీసినాను."

ఆగమన్నా ఆగకుండా వెళ్లిపోయింది.

నాకు తిక్క రేగింది. సీడీ అమ్మినాయనకి ఫోన్ చేస్తే నవ్వాడు. ఫాల్స్ పాజిటివ్ అట, అంటే లేని జబ్బుని ఉందనడం. ఆ పిల్లకి ఉన్న జబ్బుని లేదని, మాత్రలిచ్చి పంపేశాడు ఓ డాక్టరు. ఈ మిషనేమో లేని జబ్బుని ఉందంటోంది. ఇద్దరి మీద కోపమూ కలిపి ఆయన్ని ఫోన్లోనే కడిగేశాను. యాంటీవైరస్ ఆపి, ఫొటోని సీడీలోకి కాపీ చేసి, బస్సులో ఆయనకే పంపించాను. అదే యాంటీవైరస్‌తో చూసి ఏమీ లేదన్నాడు. నా దగ్గర మాత్రం యాంటీవైరస్ మళ్లీ ఆన్ చేశాక, పేరు మార్చినా, ఇంకో చోట పెట్టినా అదే ఎర్ర డబ్బా.

దినం అయ్యాక సోంబారి మళ్లీ వచ్చింది, ఈసారి బావగారిని వెంటబెట్టుకుని. ఈలోగా కొత్త సీడీ రాలేదు. నేను కంప్యూటర్లో ఏమీ మార్చలేదు. ఫైలు నొక్కాను. ఆ పిల్ల రెండు జడలతో, నవ్వాపుకుంటూ కనిపించింది. స్కాన్ చేశాను. వైరస్ ఏమీ లేదంది.

సోంబారి తెర మీద చెయ్యి పెట్టింది.

"నానే తొందరపడ్డాను. అందికే దాక్కుంది గుంట" అని ఏడ్చింది.

నీ తప్పేం లేదమ్మా, మిషను తప్పని గట్టిగా అరిచాను. ఆమె వినలేదు. నేను ప్రింటు తీసిచ్చిన ఫొటోని కొంగులో చుట్టుకుని, తప్పు తనదేనని నమ్ముతూ జీపెక్కింది.

ఏం జరిగిందో నాకు ఈరోజుకీ తెలీదు. పాతబడిన ఆ సీడీకి వాళ్ల ఊరి ఆచారం ఎవరు చెప్పారు? నిజంగా ఎవరైనా చెప్పి ఉంటే, దేవుడైనా సరే దెయ్యమైనా సరే, బిడ్డ మొహం చూసుకుందామని వచ్చిన తల్లిని గుమ్మంలోంచి తిప్పి పంపినందుకు నేను క్షమించను.