దాసు తలుపు మూల వదిలి వెళ్ళిన బ్యాట్

నిన్న పొద్దున్న కూడా మామూలు పొద్దున్నే.

లేచి ప్రార్థన చేసుకున్నాను. కువైట్‌లో మా రిగ్గై వీధిలో ఇంకా బస్సుల చప్పుడు మొదలవలేదు. స్టవ్ మీద టీ పెడుతుంటే బెల్ మోగింది.

మా తమ్ముడు దాసు. చేతుల్లో రెండు బేస్‌బాల్ బ్యాట్లు.

"ఏరా, పొద్దున్నే కొట్టడానికొచ్చావా?" అన్నాను.

"ముందు టీ ఇయ్యక్కా. బాగుంటే కొట్టను" అన్నాడు.

తర్వాత నేను డ్యూటీకి వెళ్ళాను. వార్డులో ఉండగా వాడు పనిచేసే స్కూల్ నుంచి ఫోన్. "సిస్టర్, ఒక్కసారి కూర్చోండి" అన్నారు.

నర్సుగా ఎంతమందికో నేను చెప్పిన మాట అది. దాని తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు.

కూర్చోలేదు. "ఎక్కడున్నాడు?" అని అడిగాను.

గ్రౌండ్‌లో నెట్ కడుతూ కడుతూ ఒరిగిపోయాడట. గుండె. హాస్పిటల్‌కి చేర్చేలోపే అయిపోయింది.

దాసుకి విమానం అంటే భయం. మొదటిసారి కువైట్ నా పక్క సీట్లో కూర్చునే వచ్చాడు. ఊరెళ్ళాలన్నా నాకు లీవ్ దొరికాకే తను లీవ్ పెట్టేవాడు. ఒక్కడూ ఎప్పుడూ ఎక్కలేదు.

నిన్నటి నుంచి నాకు ఇదొక్కటే. వాణ్ణి ఇప్పుడు ఒక్కణ్ణే ఎలా ఎక్కించను?

మీలో చాలామందికి వాడు శుక్రవారం చర్చిలో కుర్చీలు వేసే మనిషిగానే తెలుసు. సల్వాలో ఒక స్కూల్‌లో స్పోర్ట్స్ రూమ్ చూసుకునేవాడు. హైస్కూల్ పిల్లల టీమ్‌కి అలాయ్ బ్యాట్లు ఎంచి తెచ్చే పని కూడా వాడిదే.

మొదటి ఏడాది మన ఊరి క్రికెట్ తెలివంతా ఒక కొత్త బ్యాట్ మీద చూపించాడు. కర్ర బ్యాట్‌కి చేసినట్టే నూనె పట్టించి, గుడ్డలో చుట్టిన పాత బంతితో మెల్లగా కొట్టి కొట్టి సిద్ధం చేశాడు.

అలాయ్ అంటే లోహం కదా. నూనె లోపలికి ఎక్కడ పోతుంది?

మొదటి ఊపుకే బ్యాట్ పిల్లాడి చేతిలోంచి జారి ఫెన్స్ అవతల పడింది. దేవుని దయ, ఎవరికీ తగల్లేదు.

"దాస్ భాయ్, యే బ్యాట్ హై, పకోడా నహీ" అన్నారట కోచ్, ఇది బ్యాట్, నూనెలో వేసే పకోడీ కాదు అని. అప్పటినుంచి పిల్లలకి వీడు పకోడా అంకుల్.

నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ రోజు బాగా భయపడ్డాడు.

ఆ తర్వాత ఏ కొత్త బ్యాట్ కొన్నా ముందు నా ఫ్లాట్‌కే తెచ్చేవాడు. మనం కొత్త బండికి ప్రార్థన చేయిస్తాం కదా, అలా. నేను దాని మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఇది పట్టిన బిడ్డకీ, ఎదురుగా నిలబడ్డ బిడ్డకీ దెబ్బ తగలనివ్వకు" అనేదాన్ని.

ఆమేన్ మాత్రం వాడిదే. పక్క ఫ్లాట్‌కి వినపడేలా.

నిన్న రెండు తెచ్చాడు. ఒకటి ఉంచుకుని ఒకటి షాపులో తిరిగి ఇచ్చేయాలి. రెండూ ఒకే పొడవు, ఒకే తూకం.

"మరి తేడా ఏంటి?" అన్నాను.

"చెయ్యి చాపి పట్టుకో, తెలుస్తాది."

ఒక్క చేత్తో, నేలకి సమంగా. మొదటిది నిలిచింది. రెండోది కాసేపటికే కిందికి వాలిపోయింది.

"ఒకే తూకం అన్నావు?"

"తూకం ఒకటే. దీనికి బరువంతా చివర్న పెట్టాడు. తగిలితే దూరం పోద్ది. కానీ మావాళ్ళు ఇంకా ఎదిగే పిల్లలక్కా. చేతికి బరువైతే బంతి దాటిపోయాక తిప్పుతారు. బ్యాట్ తప్పని తెలీదు వాళ్ళకి. మాకు ఆట రాదనుకుంటారు."

ఆ మాట అని టీ తాగాడు.

తర్వాత రెండిటినీ వేలి గోటితో కొట్టి చూశాడు. అమ్మ సంతలో ఇత్తడి బిందె కొట్టి చూసినట్టే. "పగులుంటే మోగదు" అన్నాడు. అదీ అమ్మ మాటే. రెండూ ఖంగుమన్నాయి.

సులువుగా తిరిగేదాని మీద ప్రార్థన చేశాం. రెండోది తలుపు మూల ఆనించాడు. "సాయంత్రం వచ్చి పట్టుకెళ్తా. యల్లా అక్కా" అని ఇక్కడి అరబ్బీ మాటతో సెలవు చెప్పి మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం తలుపు తీస్తే అది అక్కడే ఉంది.

వాడి టీ గ్లాసు సింకులో ఉంది. కడగలేదు.

ఈ దేశంలో నన్ను అక్కా అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా అమ్మ కడుపున పుట్టి ఇక్కడ అక్కా అన్నవాడు వాడొక్కడే.

నిన్న సాయంత్రమే రాజోలు నుంచి మా మరదలు మణి, చెల్లి కరుణ ఫోన్‌లో కూర్చున్నారు. స్కూల్ వాళ్ళే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కాబట్టి కాగితాలన్నీ వాళ్ళే చేయిస్తామన్నారు. పెట్టె త్వరగా పంపేస్తాం, ఎవరూ వెంట వెళ్ళక్కర్లేదు అన్నారు. నాకు లీవ్ ఎప్పుడిస్తారో ఇంకా తెలియదు. అదే చెప్పాను.

"తొందరగా వచ్చేస్తే మంచిదేమో" అంది కరుణ.

కరుణ చేతిలోంచి మణి ఫోన్ తీసుకుంది.

"ఆయన ఒక్కరే రావొద్దు వదినా. నీకు లీవ్ దొరికేదాకా ఆగుతాం" అంది.

దాసు పిల్లలూ అదే అన్నారట. అలాగే నిర్ణయించాం. నా లీవ్ వచ్చే వరకు వాణ్ణి ఇక్కడే ఉంచుతాం. ఒకే విమానంలో వెళ్తాం, ఎప్పట్లాగే.

కోచ్ గారు ఆ కొత్త బ్యాట్‌ని వాడి పేరు రాసి గోడకి పెడతామన్నారు. వద్దన్నాం. పిల్లలు ఆడుకోవాలని ఎంచాడు, ఆడనివ్వండి అన్నాం.

మూలనున్నది రేపు నేనే షాపులో ఇచ్చేస్తాను.

సమాధి దగ్గర ప్రార్థన నన్నే చెయ్యమంది మణి. చేస్తాను. ఆమేన్ అనేవాడే లేడు. ఆ రోజు మీరు ఎక్కడున్నా కొంచెం గట్టిగా అనండి.

పక్కనే ఉంటాను దాసూ, భయపడకు. ప్రభువు ఒడిలో నెమ్మదిగా నిద్రపో నాన్నా.